ఆ రసీదుతో బండి నడపకూడదమ్మా

ప్రశ్న: సార్, మా ఆయన బైక్ మీద పార్సిళ్లు అందించే పని చేస్తారు. నెలన్నర కిందట హెల్మెట్ లేకుండా వెళ్తుంటే ట్రాఫిక్ పోలీసులు ఆపి, లైసెన్స్ తీసుకుని రసీదు ఇచ్చారు. మూడు నెలలు సస్పెండ్ అవుతుందన్నారు. ఇంతవరకు ఆర్టీవో ఆఫీసు నుంచి నోటీసు రాలేదు. వెళ్లి అడిగితే ఫైలు ఇంకా తమకు చేరలేదంటున్నారు. రసీదు ఉంది కదా, నడుపుకోవచ్చని తోటివాళ్లు చెబుతున్నారు. నిజమేనా? పోయిన నెలన్నర ఆ మూడు నెలల్లో కలుస్తుందా? ఇంట్లో ఒకటే టెన్షన్‌గా ఉంది.
- పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక్కమాట గట్టిగా చెబుతానమ్మా. ఆ రసీదు పెట్టుకుని ఆయన బండి తీయకూడదు.

మీ తోటివాళ్లు చెప్పింది పూర్తిగా తప్పూ కాదు. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ కింద మామూలు సందర్భాల్లో లైసెన్స్ తీసుకుని రసీదు ఇస్తే, లైసెన్స్ తిరిగి చేతికొచ్చేదాకా దానితో నడుపుకోవచ్చు. కానీ 2019 సవరణలో అదే సెక్షన్‌కు నాలుగో సబ్‌సెక్షన్ చేర్చారు. అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, రేసులు, బైక్ మీద ముగ్గురు ఎక్కడం, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోవడం లాంటివి దాని కిందికి వస్తాయి. ఈ తప్పులకు లైసెన్స్ తీసుకుని ఇచ్చే రసీదు నడిపే హక్కు ఇవ్వదని అందులోనే స్పష్టంగా రాశారు. ఫోన్‌లో డిజీలాకర్ కాపీ ఉందన్నా అంతే. ఈలోగా ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. ఇక సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చాక కూడా నడిపి దొరికితే 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నేను రవాణా శాఖలో 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ ఉత్తరం చదవగానే ఒక ఆటో డ్రైవర్ గుర్తొచ్చాడు. హియరింగ్ కోసం నాలుగుసార్లు వచ్చాడు. ఒకసారి అధికారి సెలవు, ఒకసారి మీటింగ్, ఒకసారి ఫైలు దొరకలేదు. నాలుగోసారికి భార్యను వెంటబెట్టుకొచ్చాడు, తాను రోజూ ఆఫీసుకే వస్తున్నానని ఆమె నమ్మడం లేదట. తప్పు చేశానని మొదటి రోజే ఒప్పుకున్నాడు. ఆ వరండాలో గడిపిన రోజులను ఎవరూ శిక్షలో లెక్కకట్టలేదు. కళ్లముందు జరుగుతున్నా నేనూ ఒక నోట్ రాసి పైకి పంపలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీరు చేయాల్సింది చెబుతాను. పోలీసులకు లైసెన్స్ తీసుకుని పంపే అధికారమే ఉంది. సస్పెండ్ చేయాల్సింది ఆర్టీవో ఆఫీసులోని లైసెన్సింగ్ అధికారి. 2022లో కలకత్తా హైకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. ఆ అధికారి 19వ సెక్షన్ ప్రకారం మీ ఆయన సంజాయిషీ వినాలి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అందుకని నోటి మాటతో తిరగడం మానేసి తెల్లకాగితం మీద అర్జీ రాయండి. లైసెన్స్ తీసుకున్న తేదీ వేసి, హియరింగ్ తేదీ ఇమ్మని, ఆ రోజు నుంచి బండి నడపని రోజులను మూడు నెలల్లో కలపమని అడగండి. కలిపి తీరాలని చట్టంలో లేదు, కానీ అడగడం మీ హక్కు. రసీదు జిరాక్స్ జతచేసి, తపాల్ సెక్షన్‌లో ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. ఉత్తర్వు అన్యాయంగా ఉందనిపిస్తే, అది అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

మారాల్సింది సరిగ్గా ఇక్కడే. హియరింగ్ ఇన్ని రోజుల్లో పెట్టాలని 19వ సెక్షన్‌లో గడువు లేదు. పైగా మొదటిసారి దొరికితే అధికారి ముందు రెండే దారులు: వదిలేయడం, లేదా మూడు నెలలు. రేసులు పెట్టినవాడికీ మూడు నెలలే, హెల్మెట్ మరిచినవాడికీ మూడు నెలలే. సొంత కారు పక్కన పెట్టి బస్సెక్కే మనిషికి అది ఇబ్బంది, మీ ఇంటికి మూడు నెలల కూలి. జర్మనీలో మొదటిసారి డ్రైవింగ్ నిషేధం పడినవాళ్లు ఆ నిషేధాన్ని నాలుగు నెలల్లోపు ఎప్పుడు మొదలుపెట్టాలో తామే ఎంచుకోవచ్చు. జపాన్‌లో 30 రోజుల సస్పెన్షన్ పడినవాళ్లు ఒకరోజు క్లాసుకు హాజరై పరీక్ష బాగా రాస్తే 29 రోజుల దాకా తగ్గుతుంది. సస్పెండైన డ్రైవర్ రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలని మన చట్టమూ చెబుతోంది. మొదటిసారి తప్పు చేసి ఆ శిక్షణ ముందే పూర్తిచేసినవాళ్లకు సస్పెన్షన్ గడువు తగ్గిస్తే ఏం పోతుంది? హియరింగ్‌కు పదిహేను రోజుల గడువు, లైసెన్స్ తీసుకున్న రోజు నుంచే లెక్క - ఈ రెండూ రూల్స్‌లో రాయాలి. తాగి నడిపేవాళ్లకు మాత్రం ఒక్కరోజు కూడా తగ్గించొద్దంటాను.

ఇదంతా చెప్పి హెల్మెట్ సంగతి వదిలేస్తే నాకు మనసొప్పదు. మా తమ్ముడు హెల్మెట్ కొనుక్కుని పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని తిరిగేవాడు, పోలీసు కనిపిస్తే తలకెక్కించేవాడు. పడిన రోజు కూడా అది ట్యాంకు మీదే ఉంది, గీత కూడా పడలేదు. మీ ఆయనతో ఈ ముక్క నా మాటగా చెప్పండి. అర్జీ ఇచ్చాక దానికి ఆఫీసువాళ్లు వేసే ఇన్‌వర్డ్ నంబరు, తేదీ మీ దగ్గర రాసి పెట్టుకోండి. పదిహేను రోజులైనా కదలిక లేకపోతే మళ్లీ నాకు రాయండి, సమాచార హక్కు కింద ఏం అడగాలో రాసి పంపిస్తాను.