మీరడిగారు: ఫ్రెంచి దర్బారు, కొత్తవాడ మగ్గం

మే 18 మ్యూజియం దినోత్సవానికి ఫ్రెంచి రాజుల దర్బారు, అప్పటి అలంకరణ కళల మీద ప్రదర్శన పెడుతున్నామంటూ హనుమకొండ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అదే విషయం మీద మరో మూడు ప్రశ్నలు అందాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

రాజు, రాణి వేషాలకు బట్టలు నాటకాల వాళ్ల దగ్గర అద్దెకు దొరుకుతున్నాయి. పెద్ద ఖర్చు లేకుండా దర్బారు వాతావరణం ఎలా తేవాలి?
– హిస్టరీ లెక్చరర్, హనుమకొండ

కుర్చీలతో తేవచ్చు. ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ 1682లో దర్బారును ప్యారిస్ దగ్గరి వెర్సాయ్‌కి మార్చాడు. అక్కడ ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అన్నదే పెద్ద రాజకీయం. రాజు ఎదుట పెద్ద ప్రభువుల భార్యలైన డచెస్‌లకు దక్కేది వీపూ చేతులూ లేని 'తబురే' అనే పీట. ఆ పాటి హోదా కూడా లేని ఆడవాళ్లు నిలబడాల్సిందే. ఒక చేతుల కుర్చీ, నాలుగు పీటలు వేయండి. లోపలికి వచ్చేవాళ్లతో గుమ్మం దగ్గర హోదా రాసిన చీటీ తీయించండి. చీటీ ప్రకారం కొందరు కూర్చుంటారు, ఎక్కువ మంది నిలబడి 'రాజుగారి భోజనం' చూస్తారు. రాజు తింటుంటే జనం నిలబడి చూడటం అక్కడ నిజంగానే ఉండేది. వేషాల ఊరేగింపు కన్నా ఇది పిల్లలకు బాగా ఎక్కుతుంది. విగ్గుల మీద మాత్రం మైదా చల్లకండి. అప్పట్లో చల్లింది గంజిపొడే అయినా, ఫ్యాన్ల కింద అది గచ్చు మీద పడితే కాళ్లు జారతాయి.

గోబ్లాఁ నేతకూ మా జంపఖానాకూ తేడా ఏమిటి? ప్రదర్శన రోజు నేసి చూపించవచ్చా?
– నేత కుటుంబం, కొత్తవాడ, వరంగల్

చూపించవచ్చు, మీకన్నా బాగా చూపించేవాళ్లు లేరు. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వరంగల్ జంపఖానా అయినా, లూయీ మంత్రి కోల్బేర్ 1662లో ప్యారిస్‌లో ఏర్పాటు చేయించిన గోబ్లాఁ కార్ఖానా తెర అయినా సూత్రం ఒకటే: పేక (అడ్డ దారం) పడుగును (నిలువు దారాలను) పూర్తిగా కప్పేస్తుంది, రంగంతా పేకదే. తేడాలు వేరేచోట ఉన్నాయి. మీది నేల మీద పరిచేది, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వాళ్లది గోడకు వేలాడేది, వెనకవైపు దారపు కొసలు వేలాడుతూనే ఉంటాయి. గోబ్లాఁలో పేరుపడ్డ పద్ధతిలో పడుగు నిలువుగా ఉంటుంది. నేసేవాడు వెనక కూర్చుని, ముందు పెట్టిన అద్దంలో బొమ్మ చూసుకుంటాడు. పేక ఉన్ని, పట్టు.

ప్రదర్శనకు 60 x 45 సెంటీమీటర్ల చెక్క ఫ్రేము చాలు. పైనా కిందా సెంటీమీటరుకొకటి చొప్పున 30 మేకులు, కర్ర పగలకుండా ఒకటి పైకి ఒకటి కిందికి, కొట్టండి. దారం మేకును చుట్టి వెనక్కి వస్తుంది కాబట్టి 60 పోగులు, పోగుకూ పోగుకూ మధ్య అర సెంటీమీటరు వస్తాయి. పడుగుకు గట్టిగా పేనిన నూలు దారమే వాడండి. ఉన్ని అయితే సాగిపోయి మధ్యలో వదులవుతుంది. బొమ్మ గీతను పడుగు మీద సిరాతో గుర్తు పెట్టండి. పేకకు ఉన్ని దారం రెండు పోగులు కలిపి వాడండి.

చేయి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ తప్పేది అంచుల దగ్గరే. పేకను నేరుగా లాగి కొడితే అంచులు లోపలికి వస్తాయి, 30 సెంటీమీటర్ల వెడల్పు పైకి పోయేసరికి 26కు దిగుతుంది. పేకను విల్లులా వంచి వదిలి, ఆ వంపును పంజాతో (పేకను కొట్టే దువ్వెనతో) దించాలి. ఐదు సెంటీమీటర్లకోసారి స్కేలు పెట్టి చూసుకోండి. రెండో ఇబ్బంది చీలిక. నిలువు గీత దగ్గర రెండు రంగులు పక్కపక్క పోగుల మీద వెనక్కి తిరిగితే మధ్యలో సందు పడుతుంది. అది రెండు సెంటీమీటర్లు దాటితే వెనక నుంచి కుట్టేయాలి, లేదా గీతను మెట్లుమెట్లుగా ఏటవాలు చేయాలి.

నేసిన బొమ్మలో చెంప మీది నీడ ఎలా వస్తుందని చూసేవాళ్లు అడుగుతారు. లేత రంగు, ముదురు రంగు పేకలను దువ్వెన పళ్లలా ఒకదాంట్లోకి ఒకటి పొడవూ పొట్టీగా చొప్పిస్తారు. దగ్గరికి పోతే గీతలు, నాలుగడుగులు వెనక్కి వస్తే నీడ. ఇంకేమీ నేయకపోయినా ఈ ఒక్క ముక్క నేసి పెట్టండి.

తాతల నాటి గడియారం, చుట్టూ బంగారు రంగు బొమ్మలు. ఫ్రెంచిదంటారు. నల్లబడింది. ప్రదర్శనకు ఇచ్చే ముందు చింతపండుతో తోమవచ్చా?
– కరీంనగర్

వద్దు. మన పెంబర్తి ఇత్తడి పని రేకును కొట్టి బొమ్మ తేల్చేది. ఫ్రెంచి గడియారపు బొమ్మలు కంచు పోత పోసి, ఉలితో చెక్కి, పాదరసంలో కలిపిన బంగారం పూసి, కాల్చినవి. పాదరసం ఆవిరై పోతుంది, మిగిలిన బంగారం పొర వెంట్రుక కన్నా చాలా పల్చన. పులుపు ఆ పొర సూక్ష్మరంధ్రాల్లోంచి కంచులోకి దిగుతుంది, పాలిష్ పొడి పొరనే గీకేస్తుంది. మడతల్లో పసుపు, ఉబ్బెత్తు చోట్ల గోధుమ రంగు కనిపిస్తే ఇప్పటికే ఎవరో తోమారన్నమాట. కనపడని చోట చిన్న గీత ఉంటే చూడండి. లోపల బూడిద రంగు తేలితే అది కంచు కాదు, జింకు పోత, తర్వాతి కాలపు చవక రకం. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, అంతే. కదిలించే ముందు పెండ్యులం తీసేయండి. అది సన్నటి పట్టుదారానికి వేలాడుతుంటే యంత్రం చాలా పాతది కావచ్చు, ఆ దారం తెంపకండి. మళ్లీ పాదరసంతో పూత పెడతామనే వాళ్లకు ఇవ్వకండి, ఆ ఆవిరి విషం.

పిల్లలను సాలార్‌జంగ్‌కు తీసుకెళ్తే ఏం చూపించాలి?
– టీచర్, జగిత్యాల

శుక్రవారం సెలవు, ఆ రోజు బయల్దేరకండి. ఫ్రెంచి సేవ్ర్ కార్ఖానా పింగాణీ దగ్గర ఎక్కువసేపు ఆగండి. పెనవేసుకున్న రెండు 'ఎల్' అక్షరాలు ఆ కార్ఖానా గుర్తు, మధ్యలోని అక్షరం ఏడాదిని చెబుతుంది. నకిలీల మీదా ఆ గుర్తు వేశారు కాబట్టి ఒక్క దాన్ని చూసి నమ్మలేం. గంట కొట్టే బొమ్మ కోసం అందరూ గుమిగూడే గడియారం ఫ్రెంచిది కాదు. ముందు నుంచి ఒక మనిషి, వెనక నుంచి మరో మనిషి కనిపించే జంట చెక్క విగ్రహం ఫ్రెంచిదే, కానీ 19వ శతాబ్దానిది, అప్పటికి వెర్సాయ్ దర్బారు లేదు.