దియన్ బియన్ ఫూ: విమానాలుండి కూడా ఫ్రెంచి సైన్యం కొండమీది ఫిరంగులను ఎందుకు కొట్టలేకపోయింది?

దియన్ బియన్ ఫూ వియత్నాంలోని ఒక లోయ. 1954లో అక్కడి ఫ్రెంచి స్థావరాన్ని వియత్ మిన్ (ఫ్రెంచి పాలనపై పోరాడిన వియత్నాం దళం) ముట్టడించింది. దాని మీద మీరు రాసిన జవాబు వియత్ మిన్ ఫిరంగుల సంఖ్య దగ్గర ఇరుక్కుంది. వియత్ మిన్‌కు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడ పెట్టారన్నది చూడండి. విమానాలు, సొంత ఫిరంగులు ఉన్న ఫ్రెంచివాళ్లు కొండమీది ఫిరంగులను ఎందుకు ఆపలేకపోయారన్న మీ డౌటుకు సమాధానం అక్కడే ఉంది.

1. మ్యాపులో లోయ, మధ్యలో రన్‌వే, చుట్టూ కొండలు గుర్తు పెట్టుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే. మామూలుగా ఫిరంగులను కొండకు అవతలి వాలులో దాస్తారు. వియత్ మిన్ సేనాని జనరల్ జియాప్ మనుషులు లోయవైపు వాలులోనే గుంతలు తొలిచి, ఒక్కో ఫిరంగిని విడిగా లోపల పెట్టారు. బయటికి కనిపించేది గొట్టం మూతి మాత్రమే, పైన దుంగలు, మట్టి, చెట్ల కొమ్మలు. అందుకే లోయను నేరుగా చూస్తూ కాల్చగలిగారు, పైనుంచి బాంబులు పడినా తట్టుకున్నారు. విమానాలను ఏమార్చడానికి వేరేచోట ఉత్తుత్తి ఫిరంగులు కూడా పెట్టారు!

3. ఈ పనికి టైమ్ ఎక్కడిది? 1954 జనవరి చివర్లో జరగాల్సిన దాడిని జియాప్ వాయిదా వేశాడు. తాళ్లతో పైకి లాగిన ఫిరంగులను మళ్లీ వెనక్కి లాగించాడు. సైనికులకు అది ఎంత చిరాకో ఊహించుకోండి.

4. మార్చి 13న దాడి మొదలైంది. ఫ్రెంచివాళ్ల బెయాట్రిస్ స్థావరం ఆ రాత్రే పడిపోయింది. నెలాఖరుకు రన్‌వే పనికిరాకుండా పోయి, సరఫరా అంతా పారాచూట్ల మీదే నడిచింది. మే 7న ఫ్రెంచి కోట పడిపోయింది. మర్నాడే జెనీవాలో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) చర్చలు మొదలయ్యాయి.

పది మార్కుల ప్రశ్నయితే 2, 3 విడమరచి రాసి, 4ను రెండు వాక్యాల్లో సరిపెట్టండి.