కోపం వచ్చిన రోజే స్తంభం నంబరు రాసుకో

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. వీధి దీపాలు వెలగవు, పార్కు గేటు తాళం తియ్యరు, అడిగితే ఎవరికీ పట్టదు, ఈ ఊరు ఇంతే బాబాయ్ అన్నావు. నేనూ దాదాపు ఇరవై ఏళ్లు ఇదే మాట అన్నాను కాబట్టి నిన్ను తప్పుపట్టలేను. కాకపోతే ఆ ఇరవై ఏళ్లలో నా మాటకి ఒక్క దీపమూ వెలగలేదు.

మా సందు చివర దీపం ఆరిపోయినప్పుడు ఆఫీసుకి మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ గొడవపడి వచ్చాను. నాలుగోసారి అక్కడి గుమస్తా, నా అరుపులు భరించలేక కాబోలు, "స్తంభం మీద నంబరు ఉంటుంది, అది రాసివ్వండి సార్" అన్నాడు. అలాంటి నంబరు ఒకటుందనే నాకు తెలియదు! ఆ నంబరు, ఎప్పటి నుంచి వెలగడం లేదు, నా ఫోన్ నంబరు, అంతే, మూడు వాక్యాలు రాసిచ్చి రసీదు తీసుకున్నాను. వారమైనా కదలకపోతే ఆ రసీదు నంబరు వేసి ఇంకో కాగితం ఇచ్చాను. ఆ రెండో కాగితానికి వెలిగింది. నోటిమాటకి తేదీ ఉండదు, కాగితానికి ఉంటుంది, ఆ తేదీ పాతబడేకొద్దీ టెన్షన్ మన దగ్గర్నుంచి అవతలి టేబుల్ మీదికి పోతుంది.

దీనికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది, ఇది ఎవరి పని అని. దీపం ఒకరిది, డ్రైనేజీ ఇంకొకరిది, పెద్దరోడ్డు మరొకరిది కావచ్చు. తప్పు ఆఫీసులో ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు.

ఇక సమాచారం అడగడం. 1766లోనే స్వీడన్ ప్రభుత్వ కాగితాలు జనం చూడొచ్చని చట్టం చేసింది, మన దేశంలో సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, మామూలుగా ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. చాలామంది "రోడ్డు ఎందుకు వెయ్యలేదు?" అని అడుగుతారు. ఎందుకు అన్నదానికి ఫైల్లో కాగితం ఉండకపోవచ్చు. మంజూరు ఉత్తర్వు కాపీ, అంచనా కాపీ, చెల్లించిన బిల్లుల కాపీ ఇవ్వండి అని అడుగు, ఎందుకో నీకే తెలుస్తుంది.

మీ వార్డు, మున్సిపాలిటీ మీటింగులకి కూడా వెళ్లు. బోర్ కొడుతుంది, నేను ఒకసారి నిద్రపోయాను కూడా. అయినా కుర్చీలు ఖాళీగా ఉండే చోటే అసలు నిర్ణయాలు జరుగుతాయి, ముఖ్యంగా బడ్జెట్ వేసే నెలల్లో. అది ఆమోదం పొందాక వెళ్లి అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు, ముందే వెళ్లాలి. బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రి అనే నగరం 1989లో కొత్త పనులకి డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో పేటల వారీగా జనాన్నే కూర్చోబెట్టి తేల్చడం మొదలుపెట్టింది, తర్వాత ఎన్నో దేశాల్లో నగరాలు దాన్ని పట్టుకున్నాయి. మన దగ్గర అంత లేకపోవచ్చు, కానీ సభలో పేరు రాయించుకుని రెండు నిమిషాలు మాట్లాడనిస్తే ఆ రెండు నిమిషాలూ వదులుకోకు.

ఓటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఒక్క ఓటుతో ఏమవుతుంది అని మీ ఫ్రెండ్ ఎవరైనా అంటే మాత్రం 2008 అసెంబ్లీ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సి.పి. జోషి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడని చెప్పు. జాబితాలో పేరుందో లేదో ఎన్నికల రోజున కాదు, ఇప్పుడే చూసుకో.

ఓపిక విషయానికొస్తే నాకు నచ్చిన మనిషి ఒకడున్నాడు, గ్రెగరీ వాట్సన్ అని, అమెరికాలో. చట్టసభ సభ్యుల జీతాల్లో మార్పు చేస్తే అది తర్వాతి ఎన్నిక అయ్యాకే అమల్లోకి రావాలని 1789లో ప్రతిపాదించి అటకెక్కించిన రాజ్యాంగ సవరణ ఒకటి 1982లో కాలేజీలో ఉండగా అతని కంట పడింది. దీన్ని ఇప్పటికీ ఆమోదించవచ్చు అని పేపరు రాస్తే సి గ్రేడు వేశారు. ఒళ్లు మండి, రాష్ట్రాల శాసనసభ్యులకి ఉత్తరాలు రాస్తూ పోయాడు. 1992కల్లా అది 27వ సవరణ అయింది. 2017లో యూనివర్సిటీ అతని గ్రేడుని ఏ చేసింది. కోపం తెచ్చుకుంటే అలా తెచ్చుకోవాలి!

అన్నీ నెత్తిన వేసుకోకు, రెండు నెలల్లో విసుగొచ్చి వదిలేస్తావు. ఒక్కటి పట్టుకో, దీపాలైతే దీపాలే. పక్కింటివాళ్లని ఇద్దర్ని కలుపుకో, ఒక్కడు అడిగితే వాడికదో పిచ్చి అనుకుంటారు, ముగ్గురు అడిగితే వీధి అడిగినట్టు. పని అయ్యాక చేసినవాడికి థాంక్స్ చెప్పు. ఫిర్యాదులు తప్ప ఏమీ వినని మనిషి అతను, రెండోసారి వెళ్తే నిన్ను గుర్తుపడతాడు. గ్రూపుల్లో వచ్చిన ఫొటోని, ఎక్కడిదో ఎప్పటిదో చూడకుండా ముందుకి పంపకు, ఒక్కటి తప్పని తేలితే నీ నిజమైన ఫిర్యాదుని కూడా ఎవరూ నమ్మరు.

రేపు సాయంత్రం చీకటి పడకముందే వెళ్లి నంబరు రాసుకురా. కాగితం ఇచ్చేముందు నాకొకసారి పంపు, నీ భాష కాస్త ఘాటు.

మీ బాబాయ్