నార్వే రొయ్యలు: కొలెస్ట్రాల్ కంటే ఉప్పు చూడండి

నార్వే లోతు సముద్రపు చిన్న రొయ్యలు కొన్నారు, కొలెస్ట్రాల్ ఉన్న అత్తగారికి పెట్టొచ్చా, ఆ గులాబీ రంగు కలిపిందా అని అడిగారు కదండీ. రంగు సహజమే, ఇవి పచ్చిగా ఉన్నప్పుడూ అలాగే ఉంటాయి. మాంసకృత్తులు దండిగా ఉంటాయి, బి12, సెలీనియం, అయొడిన్ కూడా. కొలెస్ట్రాల్ ఉన్నమాట నిజమే కానీ రక్తంలో కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచే సంతృప్త కొవ్వు చాలా తక్కువ. డాక్టరు ప్రత్యేకంగా వద్దనకపోతే అప్పుడప్పుడు తినడానికి టెన్షన్ అక్కర్లేదు.

నేనైతే ముందు ఉప్పు చూస్తాను. వీటిని ఎక్కువగా ఉప్పునీటిలో ఉడికించే అమ్ముతారు. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ఉప్పు 1.5 గ్రాములు దాటితే ఎక్కువే, బీపీ ఉంటే మరీ జాగ్రత్త. ఇగురులో ఉప్పు తగ్గించి, మసాలా దగ్గరపడ్డాక రొయ్యలు వేసి, వేడెక్కగానే దించేయండి. ఇంకా ఉడికిస్తే రబ్బరే!