సరుకు తిరిగితేనే షాపు

ప్రశ్న: ఇరవై రెండేళ్ళు చేసిన ఉద్యోగం ఈ మధ్యే వదిలేశాను. చేతికొచ్చిన సొమ్ముతో ఇంట్లో వాడుకునే వస్తువుల షాపు పెట్టాలని ఉంది. నా దగ్గరున్నదంతా కలిపి 100 పాళ్ళు అనుకుందాం. అందులో 50 పాళ్ళు అడ్వాన్సుకీ, ర్యాకులకీ, లైట్లకీ, బోర్డుకీ. మిగతా 50 సరుక్కి. అద్దె, ఒక మనిషి జీతం, కరెంటు కలిపి నెలకు 5 పాళ్ళు ఖర్చవుతాయి. 25 శాతం లాభం వేసుకుని అమ్ముతాను కాబట్టి నెలకు 20 పాళ్ళ అమ్మకం ఉంటే చాలని లెక్క వేశాను. మా ఇంటి ఖర్చు నెలకు 2 పాళ్ళు. దిగొచ్చా?

జవాబు: మీరు అంకెలు పంపారు, సంతోషం. చాలామంది షాపు పేరు ఏం పెట్టాలో అడుగుతూ ఉత్తరం మొదలుపెడతారు.

ముందు మీ లెక్కలో చిన్న పొరపాటు ఉంది. పైకి చిన్నదే. వందకు కొన్నది నూట పాతికకు అమ్మితే పాతిక లాభం, నిజమే. కానీ గల్లాలో పడింది 125. అందులో పాతికంటే ఐదో వంతు, 20 శాతం. మీరు కొన్న ధర మీద కట్టిన శాతాన్ని తెచ్చి అమ్మకం మీద వాడేశారు. నెలకు 5 పాళ్ళ ఖర్చు గట్టెక్కాలంటే 20 కాదు, 25 పాళ్ళ అమ్మకం కావాలి. ఇంటి ఖర్చు కూడా ఈ షాపే భరించాలంటే 7 పాళ్ళు రావాలి, అంటే 35 పాళ్ళ అమ్మకం. మీరు మనసులో పెట్టుకున్న దానికి ఇది దాదాపు రెట్టింపు. ఓనరు తన జీతాన్ని ఖర్చులో రాసుకోకపోవడం కొత్తగా షాపు పెట్టే ప్రతివాళ్ళూ చేసేదే. షాపు నడుస్తున్నట్టే ఉంటుంది, ఇంట్లో దాచుకున్నది మాత్రం కరిగిపోతూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. షాపులో డబ్బు పుట్టేది లాభం శాతం ఒక్కదాని నుంచే కాదు, అదే డబ్బు ఏడాదికి ఎన్నిసార్లు తిరిగిందన్న దాని నుంచి కూడా. వ్యాపారస్తులు దీన్నే రొటేషన్ అంటారు. షాపులో ఎప్పుడూ 50 పాళ్ళ సరుకు ఉందనుకోండి. అది ఏడాదికి నాలుగుసార్లు అమ్ముడై, మళ్ళీ నిండితే 200 పాళ్ళ సరుకు కదిలినట్టు. దాని మీద పాతిక శాతం, 50 పాళ్ళు. మీ షాపు ఖర్చు ఏడాదికి 60. అంటే 10 నష్టం. ఆరుసార్లు తిరిగితే 75 వస్తుంది, 15 మిగులుతుంది. ఎనిమిదిసార్లు తిరిగితే 40 మిగులుతుంది. మూడు చోట్లా లాభం శాతం ఒక్కటే, అద్దె ఒక్కటే. తేడా అంతా సరుకు ర్యాకు మీద ఎన్నాళ్ళు కూర్చుందన్న దాంట్లోనే ఉంది.

అందుకే, ఏం అమ్మాలో తేల్చుకునేటప్పుడు దేని మీద ఎక్కువ మిగులుతుందని మాత్రమే అడక్కండి. ఎన్ని రోజుల్లో పోతుందని కూడా అడగండి. ఎక్కువ మార్జిన్ ఉన్న వస్తువు ఏడాదంతా దుమ్ము పట్టి కూర్చుంటే, తక్కువ మార్జిన్‌తో నెల తిరక్కుండా పోయే వస్తువే మిమ్మల్ని బతికిస్తుంది. కదలని సరుకుని వ్యాపారులు డెడ్ స్టాక్ అంటారు. దాన్ని కొన్న ధరకో, ఇంకాస్త తగ్గించో వదిలించుకుని, ఆ డబ్బుని కదిలే వస్తువులో పెట్టాలి. ఇది చెప్పడం తేలిక. ఏరి కోరి తెచ్చుకున్న సరుకుని నష్టానికి అమ్మడానికి ఎవరికీ చేతులు రావు.

డెడ్ స్టాకేదో తెలియాలంటే ఏది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో రాతలో ఉండాలి. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక సూపర్ మార్కెట్‌లో ఇప్పుడు సరుకుల మీద కనిపించే రకం బార్‌కోడ్‌ని మొదటిసారి స్కాన్ చేసి బిల్లు కొట్టారు. ఆ వస్తువు ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్. బిల్లింగ్ తొందరగా అవుతుందని అందరూ ఆ యంత్రాన్ని మెచ్చుకుంటారు గానీ, నాకు దాని అసలు ఉపయోగం రాత్రి షట్టర్ దించాక కనిపిస్తుంది. ఏ ర్యాకు సంపాదిస్తోందో, ఏ ర్యాకు ఊరికే చోటు తింటోందో చెబుతుంది. మీరు యంత్రం కొనకపోయినా ఫరవాలేదు, నోటు పుస్తకమైనా సరే, రోజూ రాయండి.

డిస్కౌంటు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. 125 వస్తువు మీద 10 శాతం తగ్గిస్తే 112.50 వస్తుంది. మీ లాభం 25 నుంచి 12.50కి పడిపోయింది, సరిగ్గా సగం. పాత లాభం నిలబడాలంటే రెట్టింపు వస్తువులు అమ్మాలి. అలాగే పోయినవీ, పగిలినవీ, లెక్కలో తప్పినవీ కలిపి అమ్మకంలో ఒక్క శాతమే అనుకోండి. ఆరు రొటేషన్ల లెక్కలో కొన్న ధర 300, లాభం 75 కలిపి అమ్మకం 375 పాళ్ళు, దాని మీద ఒక శాతం 3.75. మీకు మిగిలే 15లో అది పావు వంతు.

చోటు సంగతి. 1923లో మెల్విన్ కోప్లాండ్ అనే అమెరికన్ ప్రొఫెసర్, కొనేవాళ్ళ అలవాటును బట్టి సరుకుల్ని మూడు రకాలు చేశాడు: దగ్గర్లో దొరికితే చాలనుకునేవి, నాలుగు షాపులు తిరిగి పోల్చి కొనేవి, ఎంత దూరమైనా వెళ్ళి కొనేవి. మీ సరుకు ఎక్కువగా మొదటి రకమైతే జనం ఇంటికెళ్ళే దారిలో షాపు ఉండాలి. రెండో రకమైతే అలాంటి షాపులున్న చోటే పెట్టండి, పోటీ అని దూరంగా పారిపోకండి. పోల్చి చూసుకోవడానికి జనం వచ్చేది అక్కడికే.

ఏ చోటైనా తీసుకునే ముందు అక్కడ నిలబడి లెక్కపెట్టండి. మామూలు రోజు ఒకటి, సెలవు రోజు ఒకటి. ఎంతమంది నడిచి వెళ్తున్నారు, పక్క షాపుల్లోకి ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంతమంది సంచీతో బయటికొస్తున్నారు. నెలకు 35 పాళ్ళ అమ్మకం అంటే 26 రోజులు షాపు తెరిస్తే రోజుకు 1.35 పాళ్ళు. సగటు బిల్లు 0.02 పాళ్ళయితే రోజుకు 68 బిల్లులు. పది గంటలు షాపు తెరిచి ఉంచితే ప్రతి తొమ్మిది నిమిషాలకు ఒక బిల్లు పడాలి. అక్కడ నిలబడి వాచీ చూసుకుంటే అది సాధ్యమో కాదో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు మీ 100 పాళ్ళని నేనైతే ఇలా విడగొడతాను. ముందుగా ఏడాది ఇంటి ఖర్చు 24 పక్కన పెట్టి, షాపు వైపు చూడనివ్వను. ఫిట్టింగులకీ అడ్వాన్సుకీ 20 దాటనివ్వను. సరుక్కి 35. మిగిలిన 21 షాపు ఖర్చులకి, నాలుగు నెలలకు సరిపడా. 50 పాళ్ళ సోకు చేసి ఖాళీ జేబుతో కౌంటర్లో కూర్చోవడం కన్నా పాత ర్యాకులు కొనుక్కోవడం మేలు. అయితే 35 పాళ్ళ సరుకుతో ఇదే ఖర్చు గట్టెక్కాలంటే ఏడాదికి దాదాపు ఏడుసార్లు, అంటే 52 రోజులకోసారి సరుకు తిరగాలి. అంత వేగం కష్టమనిపిస్తే ఇంకా చిన్న షాపు చూడండి. నెల ఖర్చు 5 నుంచి 4కి దిగితే ఐదున్నరసార్లు చాలు.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర గడువు అడగడానికి మొహమాటపడకండి. సరుకు 60 రోజులు కూర్చుని, మీరు 30 రోజులకు డబ్బు కట్టేటట్టయితే మీ సొంత డబ్బు ఇరుక్కునేది 30 రోజులే. మీరు అరువిచ్చారా, అది మళ్ళీ పెరుగుతుంది. మొదటి ఏడాది అరువు వద్దు, చుట్టాలకైనా సరే. లైసెన్సులు, పన్ను రిజిస్ట్రేషన్, సరుక్కి ఇన్సూరెన్స్ షాపు తెరవకముందే పూర్తి చేసుకోండి.

అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టేలోపు ఒక పని చేయండి. ఏడాది తర్వాత షాపు మూసేయాల్సి వస్తే ఎంత పోతుందో రాయండి: అమ్మితే సగానికి కూడా పోని ఫిట్టింగులు, ముందే ఖాళీ చేస్తే వెనక్కి రాని అడ్వాన్సు, తెగనమ్మాల్సిన సరుకు. ఆ అంకె మీ ఇంట్లోవాళ్ళకి చూపించి, వాళ్ళేమన్నారో నాకు రాయండి.