గురుడికి పన్నెండేళ్లు ఎందుకు పడుతుందంటే

గ్రహాలు తమ నక్షత్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి ఎంత కాలం పడుతుంది, ఒక్కోదానికి అంత తేడా ఎందుకు అని అడిగారు. నేను గురుగ్రహంతో మొదలుపెడతాను. ఏళ్ల తరబడి కళ్లారా చూసింది దాన్నే.

మాది గోదావరి గట్టున ఊరు. 2003 పుష్కరాల్లో రేవులో నన్ను ముంచి లేపుతున్న అమ్మమ్మను "మళ్లీ ఎప్పుడు?" అని అడిగాను. "గురుడు సింహరాశిలోకి తిరిగొచ్చినప్పుడురా, పన్నెండేళ్లకి" అంది. గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టడానికి పట్టే కాలం అదే, కచ్చితంగా చెప్పాలంటే 11.86 ఏళ్లు. పన్నెండుకు కాస్త తక్కువ కాబట్టే 2003లో జూలై 30న మొదలైన పుష్కరాలు 2015లో జూలై 14కే వచ్చేశాయి.

2015 జూన్ చివర్లో, మబ్బులు విడిన రాత్రుల్లో డాబా ఎక్కి కొలవడం మొదలుపెట్టాను. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. అప్పుడు గురుడు సింహరాశిలో మెరిసే మఖ నక్షత్రానికి పడమరగా ఒక పిడికిలి దూరంలో ఉన్నాడు. సరిగ్గా ఏడాది తర్వాత చూస్తే మఖను దాటి తూర్పున ఒకటిన్నర పిడికిలి దూరం వెళ్లిపోయాడు. గురుడి దారి అచ్చంగా గుండ్రం కాదు, మనం చూసే భూమి కూడా కదులుతోంది. అందుకే ఒక్కో ఏడాది కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది. సగటున ఏడాదికి 30 డిగ్రీలు, అంటే ఒక రాశి. నోట్‌బుక్‌లో ఆ చుక్కలు ఒక్కొక్కటే జరుగుతుంటే నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక కారణం. సూర్యుడి నుంచి గురుడు మనకన్నా 5.2 రెట్లు దూరం. దారి ఒక్కటే పొడవైతే 5.2 ఏళ్లలో తిరిగి రావాలి. కానీ అంత దూరంలో సూర్యుడి ఆకర్షణ తగ్గిపోతుంది, వేగమూ తగ్గుతుంది. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు వెళ్తుంటే గురుడు 13 మాత్రమే. దారి పొడవు, నడక నెమ్మది, రెండూ కలిసి పన్నెండేళ్లు అవుతాయి. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1619లో ప్రకటించిన సూత్రం ఇదే. భూమి దూరాన్ని ఒకటిగా, కాలాన్ని ఏళ్లలో తీసుకుంటే, దూరం ఘనం ఎంతో, కాలం వర్గం అంత. 5.2 × 5.2 × 5.2 వేసి వర్గమూలం తీయండి, 11.86 వస్తుంది. ఇది మీరే వేసి చూడాలి.

బుధుడికి 88 రోజులు, శుక్రుడికి 225, కుజుడికి 687. శనికి 29.5 ఏళ్లు, అంటే రాశికి రెండున్నరేళ్లు. మూడు రాశులు దాటేసరికి ఏడున్నర. ఏలినాటి శని లెక్క అక్కడిదే. 1846లో కనుగొన్న నెప్ట్యూన్ అప్పటి నుంచి ఒక చుట్టు పూర్తి చేసేసరికి 2011 వచ్చింది.

వేరే నక్షత్రాల దగ్గరా ఇదే నియమం, కాకపోతే నక్షత్రం బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అదే దూరంలో ఉంటే, బరువైన నక్షత్రం చుట్టూ గ్రహం ఇంకా వేగంగా తిరుగుతుంది. 1995లో కనుగొన్న 51 పెగాసి బి అనే గ్రహం తన నక్షత్రానికి ఎంత దగ్గరంటే, దాని ఏడాది నాలుగు రోజుల చిల్లర.

2027 పుష్కరాలకు గోదావరి వైపు వస్తే, సూర్యాస్తమయం అయ్యాక పడమటి ఆకాశం చూడండి. గురుడు మళ్లీ ఆ మఖ దగ్గరే ఉంటాడు.