డాక్టర్ కాకపోతే ఆఫ్రికాలో ఏం పని?

ప్రశ్న: మా అమ్మాయి బి.ఫార్మసీ చివరి ఏడాది చదువుతోంది. పేద దేశాల్లో వైద్య వ్యవస్థను బాగుచేసే అంతర్జాతీయ సంస్థల్లో పనిచేస్తానంటోంది. డాక్టరో నర్సో కాకుండా అక్కడ ఆమెకు పనేముంటుంది? అప్పు చేసి ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) చదవడానికి విదేశాలకు పంపమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పని ఉందండీ. ఫార్మసీ చదివినవాళ్లకు మరీ ఉంది.

జాంబియా సంగతి చెబుతాను. రాజధాని లుసాకా గోదాములో మందులు ఉండేవి, పల్లె ఆరోగ్య కేంద్రాల్లో మాత్రం పిల్లల మలేరియా మందులు నిండుకునేవి. దాతలు కొనిచ్చినవి జిల్లా స్టోర్ దాకా వచ్చి అక్కడే పడి ఉండేవి. 2009లో ప్రపంచ బ్యాంకు తదితరుల సాయంతో అక్కడి ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో పద్ధతి మార్చి చూసింది. ఏ కేంద్రానికి ఏవి కావాలో లుసాకాలోనే విడివిడిగా పెట్టెలు కట్టారు. జిల్లా స్టోర్‌లో నిల్వ పెట్టడం మానేసి, వచ్చిన పెట్టెను వచ్చినట్టే కేంద్రానికి పంపించేశారు. ఆర్డర్లు చూసుకోవడానికి జిల్లాలో ఒక ప్లానర్‌ను పెట్టారు. కేంద్రాల్లో కొరత బాగా తగ్గింది. మందూ లెక్కా రెండూ తెలిసిన మనిషి కావాల్సిన చోటు అది. మీ అమ్మాయి చదువు సరిగ్గా అక్కడికి పనికొస్తుంది.

అప్పు మాత్రం వద్దు. 2025లో అమెరికా తన సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేశాక, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. ఇప్పుడే డిగ్రీ చేతికొచ్చిన పిల్ల నెత్తిన లక్షల బాకీ పెట్టి ఆ పోటీలోకి పంపడం నాకు ఇష్టం లేదు. ఎంపీహెచ్ హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్)లోనూ ఉంది. అది కూడా రెండు మూడేళ్లు మందుల సరఫరా పనిలో నలిగాక చేస్తేనే పాఠం ఒంటబడుతుంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లలో నిపుణుల పోస్టులకూ కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. ఈలోగా ఫ్రెంచ్ మొదలుపెట్టమనండి. సెనెగల్, నైజర్ లాంటి చోట్ల ఇంగ్లిష్ ఒక్కటే సరిపోదు.

ఒక పీహెచ్‌సీలో నేను చూసింది ఇప్పటికీ మనసులోంచి పోలేదు. కంప్యూటర్‌లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నాయని ఉంది, అల్మారాలో ఒక్కటీ లేదు. విరేచనాలతో వాడిపోయిన బిడ్డను చంకనెత్తుకుని ఆ తల్లి చీటీ పట్టుకుని బయట మందుల షాపుకు నడిచింది. ఆ లెక్కకూ అల్మారాకూ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోగలిగినవాళ్లకు ఏ దేశంలోనైనా విలువ ఉంటుంది.

అందుకే మొదటి అడుగు ఇంటి దగ్గరే వేయించండి. పరీక్షలయ్యాక దగ్గరి పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ను అడిగి, ఒక నెల ఫార్మసీ గదిలో కూర్చోనివ్వమనండి. ఏ మందు ఏ రోజు అయిపోయింది, మందులు కావాలని ఇండెంట్ ఎప్పుడు పెట్టారు, సరుకు ఎన్నాళ్లకు వచ్చింది, గడువు దాటినవి ఎన్ని అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. నెల తర్వాత ఆ నోట్‌బుక్ చూసుకుని నాకు ఉత్తరం రాయమనండి. ఈసారి ఆమెనే రాయమనండి.